భన్‌పురి స్పీడు

పోయిన ఆదివారం మా తమ్ముడి ఇంట్లో పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు కనుకే ఇది రాస్తున్నాను. మా తమ్ముడు ఉక్కు కంపెనీలో రిటైరయ్యాక మందిర్ హసౌద్ దాటి కొత్త రాయ్‌పూర్ వైపు ఇల్లు కట్టుకుని, అందులో ఒక గదిని సంగీతం వినడానికే ప్రత్యేకంగా అట్టిపెట్టాడు. గోడల నిండా మెత్తలు, కిటికీలకు రెండేసి అద్దాలు, నిలువెత్తు స్పీకర్లు, చప్పుడన్నది తెలియని ఏసీ. నెలకోసారి తనలాంటి వాళ్ళు డజను మంది అక్కడ చేరతారు. వాళ్ళకు సంగీతప్రియులని పేరేగాని వాళ్ళు ఒక్క పాటైనా మొదటినుంచి చివరిదాకా విన్న పాపాన పోలేదు. డప్పు మీద దెబ్బ ఒక అర నిమిషం, అద్దం పగిలిన చప్పుడు ఒక అర నిమిషం వింటారు, లేచి వెనకాల ఏదో తీగ మార్చి మళ్ళీ ఆ అర నిమిషమే వింటారు, ఎంత ఫరక్ పడిందో చూశారా అని ఒకరినొకరు మెచ్చుకుంటారు. ఆ తీగ ఒక్కటీ కొత్త మోటారు సైకిలంత ఖరీదట. నేను సంగీతం తెలిసినదాన్నని చెప్పుకోను కాని, భోజనానికి పిలిచి విస్తరాకుల నాణ్యం చూపించి పంపేస్తే ఎవరికైనా ఒళ్ళు మండదా?

ఆ రోజు ఒక్కొక్కరూ తప్పకుండా వినవలసిన పాత ఆర్కెస్ట్రా రికార్డు ఒకటి చెప్పాలని నియమం పెట్టుకున్నారు. నా వంతు వచ్చింది. నేను ఎన్నో ఏళ్ళుగా మనసులో దాచుకున్న రికార్డు పేరు చెప్పి, దాన్ని ఉన్న వేగానికి కాస్త తగ్గించి వినాలని కూడా చెప్పాను. పేరు నోట్లోంచి రావడం ఆలస్యం, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, దానికి ఎన్ని చుక్కలు ఇచ్చారో, ఏ దేశపు అచ్చు మంచిదో వెతకడం మొదలుపెట్టారు. వేగం తగ్గించాలన్న మాట వినేసరికి మాత్రం తలలెత్తి నా వంక చూశారు. ఒక కుర్రాయన ఎంతో దయగా, "ఆంటీజీ, మీ మెషీన్ ఖరాబ్ థీ క్యా?" అని, మా మిషను పాడై ఉండేదేమో అన్నట్టు అడిగాడు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు నా తోడబుట్టినవాడే. "అది భన్‌పురి స్పీడులెండి" అని, పాత కథ ఒకటి తీసి వాళ్ళందరికీ వినోదంగా చెప్పాడు. ఏ కథ చెప్పి నవ్వించాడో అదే కథ మీకూ చెబుతాను, వాడు చెప్పినట్టు కాదు, జరిగింది జరిగినట్టు. రికార్డు పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీరూ ఫోన్లు తీస్తారు.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాదే మా ఆయనకూ నాకూ వాల్తేరు నుంచి ఇక్కడికి బదిలీ అయింది. ఇద్దరివీ రైల్వే గుమాస్తా ఉద్యోగాలే. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అప్పటికే చాలా ఏళ్ళుగా ఇక్కడ రైల్వే కరెంటు విభాగంలో ఫోర్‌మన్‌గా ఉండేవారు. ఎక్కడ సప్లై పోయినా ముందు ఆయనకే కబురు వచ్చేది, తన చేతి కింద కరెంటు ఒక్క క్షణం అటూ ఇటూ కాకూడదని ఆయన పంతం. రిటైర్మెంటు దగ్గరపడుతోందని ఊరి శివారులో భన్‌పురి పక్కన చవగ్గా వచ్చిన స్థలంలో చిన్న ఇల్లు వేసుకున్నారు. చుట్టూ లారీల అడ్డాలు, ఇనుము కరిగించే చిన్న చిన్న ఫ్యాక్టరీలు, కడ్డీలు సాగదీసే మిల్లులు. సాయంత్రమయ్యేసరికి కొలుములన్నీ ఒక్కసారి అందుకునేవేమో, ఇంట్లో బల్బులు ఎర్రబడి, దండెం మీది బట్టలు ఏ రంగువో కనిపించేవి కావు. భన్‌పురిలో ఉన్నవాళ్ళెవరికీ అదొక వింతగా ఉండేది కాదు.

అంతకు చాలా ముందు ఆయన భిలాయిలో పనిచేసే రోజుల్లో, స్వదేశం వెళ్ళిపోతున్న రష్యా ఇంజనీరు కుటుంబం ఇంటి సామాను అమ్ముకుంటూ ఉంటే, అందరూ కుట్టు మిషను కోసం, ఉన్ని కోట్ల కోసం ఎగబడుతున్న వేళ మా బావగారు ఒక రికార్డు ప్లేయరూ దానితో ఇచ్చిన నాలుగు రికార్డులూ తెచ్చుకున్నారు. మూడు అరిగిపోయి గరగరలాడేవి. మిగిలింది ఇది. అట్ట మీద వాళ్ళ లిపిలోనూ, వెనకాల చిన్నగా ఇంగ్లీషులోనూ వివరాలుండేవి. నేను కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టేనాటికే అది ఆ ఇంట్లో ఒక మనిషికింద లెక్క.

శనివారం సాయంత్రాలు స్కూటరు మీద మేమిద్దరం అక్కడికి వెళ్ళేవాళ్ళం. మా తోటికోడలు చేగోడీలు వేయించి ఉంచేది. బావగారు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పాత మెత్తని పంచె ముక్కతో రికార్డుని లోపలినుంచి అంచుదాకా తుడిచి పెట్టేవారు. తరవాత కూలరు ఆపేసేవారు, ఆ వెంటనే ఫ్యానూ ఆపేసేవారు. రాయ్‌పూర్‌లో మే నెల సాయంత్రం ఫ్యాను ఆపడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. చెమట నుదుటి మీంచి ముక్కు మీదికి జారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తితే కుర్చీ కిర్రుమంటుందని కదలకుండా కూర్చునేవాళ్ళం. మేం వచ్చిన కొత్తలో నాకిది చాదస్తంలా అనిపించి ఏదో అనబోతే, ఆయన వేలెత్తి, "కూకో అమ్మా. మాటాడకు. ఇను" అన్నారు. ఆ తరవాత నేను ఎన్నడూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ సంగీతం సంగతి. మొదట ఏమీ వినపడదు, అడుగున పెద్ద తంతివాద్యాలేవో కదిలినట్టు నేలకు తెలుస్తుంది. వాటి మీదికి నెమ్మదిగా వయొలిన్లు ఎక్కుతాయి, ఎక్కి, ఇక పాడతాయి అనుకుంటుండగా అన్నీ ఒక్కసారి ఆగిపోయి, ఎక్కడో దూరంగా ఒకే ఒక్క కొమ్ము బూరా పలుకుతుంది. పలికి, కాసేపు ఊరుకుని, మళ్ళీ పలుకుతుంది. ఆ రెండు పలుకుల మధ్య ఉన్న ఖాళీయే ఈ రికార్డుకు ప్రాణం. ఆ ఖాళీలో నాకు మా నాన్న పోయిన రోజు గుర్తొచ్చేది, ఎందుకో తెలియదు, ఆయన ఇంగ్లీషు బ్యాండు కూడా విని ఎరగరు. రెండో వైపు సన్నాయి జాతి వాద్యం ఒకటి ఒంటరిగా మొదలుపెట్టిన పాటని మిగతా వాద్యాలన్నీ ఒక్కొక్కటే వచ్చి అందుకుంటాయి. అక్కడికి వచ్చేసరికి మా ఆయన కుర్చీలోనే నిద్రపోయేవారు, వంటింటి గడపలో కూర్చున్న మా తోటికోడలు మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పేది. ఆ కొమ్ము పలుకు దగ్గర అంత ఓర్పుగా ఆగిన మనిషి ఇంకొకడు లేడని బావగారు ఆ ఆర్కెస్ట్రా నడిపిన ఆయన్ని దేవుణ్ణి పొగిడినట్టు పొగిడేవారు. అంత నిదానంగా నడపాలంటే గుండె ఉండాలి అనేవారు.

ఒక్క విశ్వకర్మ పూజ రోజున మాత్రం ఎందుకో ఆ సంగీతం మాకు పట్టుబడేది కాదు. మిల్లులన్నీ మూసి యంత్రాలకు బొట్లు పెట్టి ప్రసాదాలు పంచుతారు గనుక మాకూ ఆ రోజు బూందీ వచ్చేది. బూందీ తిని కూర్చుంటే రికార్డు తొందరపడుతున్నట్టు, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఉండేది. తీపి తిని వింటే అంతేనని మా తోటికోడలు, వానాకాలపు చెమ్మకి రికార్డు బిగిసిందని బావగారు, మనసు నిలవడం లేదని నేనూ, తలా ఒక కారణం చెప్పుకున్నాం. యంత్రాలు ఆగిన రోజే ఇలా ఎందుకవుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజుల్లోనే సీడీలు చవకయ్యాయి. రికార్డు అరిగిపోతుందన్న బెంగతో బావగారు అట్ట వెనక పేర్లు చూపించి, బజార్లో ఒక దుకాణం వాడి చేత ఆ సంగీతాన్నే, ఆ ఆర్కెస్ట్రా వాయించినదాన్నే బొంబాయి నుంచి తెప్పించారు. అందరం పెళ్ళికి కూర్చున్నట్టు కూర్చున్నాం. ఎంత శుభ్రంగా ఉందో అంత హడావిడిగా ఉంది. గొంతు పైకెక్కి కీచుగా ఉంది. కొమ్ము ఇలా పలికి, అలా మళ్ళీ పలికేసింది, ఆ ఖాళీ లేదు. బావగారి మొహం ఎర్రబడింది. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్ళి ఇది దొంగ సరుకు, ఎవరో తొందరగాళ్ళ చేత వాయించి పెద్దాయన పేరు వేసి అమ్ముతున్నారు, వాపసు తీసుకోమని గంట సేపు పోట్లాడి, పంతం నెగ్గించుకుని వచ్చారు. ఆయన అలా గొంతెత్తడం ఎవరూ ఎరగరు. దుకాణదారు భయపడి వాపసు తీసుకున్నాడు పాపం.

ఇంతవరకూ ఎవరికీ ఏ కష్టమూ లేదు. అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. వాడికి కొత్తగా ఇక్కడి ఉక్కు కంపెనీలో ఉద్యోగం, సంగీతం యంత్రాల పిచ్చి అప్పటికే ముదిరి ఉంది. బావగారు వాణ్ణి సొంత మనిషిగా కూర్చోబెట్టి, అన్నం వడ్డించి, ఆ దొంగ సీడీ సంగతి ఎంతో గొప్పగా చెప్పారు. వీడు అట్ట వెనక పేర్లు రాసుకుని వెళ్ళాడు. ఆ పై శనివారం ఆ సీడీనే ఎక్కడో సంపాదించి, చేతిలో పట్టే ప్లేయరూ చెవులకు తగిలించుకునేదీ తీసుకుని వచ్చాడు. రికార్డూ సీడీ ఒకే క్షణంలో మొదలుపెట్టాడు. చెవిలోది ముందుకు పోతోంది, గదిలోది వెనకబడుతోంది. ఒక వైపు ముగింపుకొచ్చేసరికి చెవిలో సంగీతం ఎప్పుడో ఆగిపోయింది, గదిలో ఇంకా నిమిషం పైన నడుస్తూనే ఉంది. ఒక్కొక్కరి చెవికీ తగిలించి మరీ చూపించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. లేచి వెళ్ళి, ఫ్రిజ్జుకి పెట్టిన స్టెబిలైజరు పీకి తెచ్చి రికార్డు ప్లేయరుకి తగిలించాడు. వోల్టేజీ సరిగ్గా అందేసరికి రికార్డు కాస్తా సీడీతో సమానంగా పరుగెత్తింది.

"ఇన్నేళ్ళూ మీరు దండాలు పెట్టింది ఆర్కెస్ట్రాకి కాదు పెద్ద బావగారూ, లో వోల్టేజీకి. ఇది భన్‌పురి స్పీడు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఎవరి ఇంట్లో, ఎవరి అన్నం తిని, ఎవరిని అన్నాడు! జీవితమంతా కరెంటు సరిగ్గా ఇవ్వడమే తన పరువు అనుకున్న మనిషిని, నీ ఇంట్లో కరెంటే నీకు తెలియలేదని ఇంటిల్లిపాది ముందు అన్నాడు. అరికాలి మంట నా నెత్తికెక్కింది. కాని వాడు నా తమ్ముడు, అది వాళ్ళ ఇల్లు, నేను కోడల్ని. బావగారు రికార్డు తీసి, తుడిచి, అట్టలో పెట్టి, ప్లేయరు మూత వేశారు. "ఫ్రిజ్జు ఆపీసినారు. పాలు ఇరిగిపోతాయి" అన్నారు, స్టెబిలైజరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. ఆ మూత మళ్ళీ తెరవలేదు.

అదొక సరదా కబురై పాకింది. మా ఆఫీసులో, బావగారి షెడ్డులో, తెలుగువాళ్ళ వినాయకచవితి పందిట్లో కూడా భన్‌పురి స్పీడు అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఎవరైనా నెమ్మదిగా నడిస్తే భన్‌పురి స్పీడు, రైలు లేటైతే భన్‌పురి స్పీడు. ఆయన ముందు నవ్వకుండా వెనకాల నవ్వేవారు, అది మరీ అన్యాయం. శనివారాలు పోయాయి. మేం వెళ్ళినా టీవీ పెట్టేవారు. కొన్నాళ్ళకి ప్లేయరులో రబ్బరు చక్రం గట్టిపడి పాడైతే బాగుచేయించనివ్వలేదు, పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశారు. రికార్డు కూడా ఇచ్చేశారనే అనుకున్నాను. ఆయన రిటైరై, ఒక చెవి మందగించి, ఎనభై దాటాక కూడా, మొన్న మొన్నటిదాకా ఏ సంగీతమూ పెట్టుకుని వినలేదు. ఒక మనిషి బతుకులోంచి సంగీతాన్ని తీసేసి, దాన్ని రుజువు చేశామని నవ్వుకోవడం ఏం సంస్కారమో నాకు అర్థం కాదు.

తప్పు స్పీడట! సరే, తప్పే. కాని ఆ తప్పులో ఆ కొమ్ము ఆగినంత సేపు ఆగి మేం వినలేదా? అరుస్తున్న సంసారాలూ ఆఫీసు గొడవలూ వదిలి చెమటలు కక్కుతూ అంత సేపు కదలకుండా కూర్చోలేదా? మా తోటికోడలి కన్నీళ్ళకి వోల్టేజీ తక్కువైతే అవి కన్నీళ్ళు కాకుండా పోతాయా? సరైన వేగంతో అర నిమిషం వినేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వడం ఏమిటి? ఆదివారం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇవే ప్రశ్నలు. మా ఆయన, నీ బీపీ పెరుగుతుంది, వదిలెయ్యి అన్నారు. నేను వదిలే రకాన్ని కాను.

మర్నాడు పొద్దున్న మా తోటికోడలికి ఫోను చేసి అడిగితే తేలింది, ఆ రికార్డు ఆవిడ పారేయనివ్వలేదు. పాత పంచెలో చుట్టి దేవుడి బీరువా వెనకాల పెట్టిందట. ఆయనకూ తెలుసునేమో, ఎప్పుడూ అడగలేదట. తమ్ముడికి ఫోను చేసి, బుధవారం వస్తున్నాం, నీ తీగల స్నేహితులెవరూ ఉండకూడదని చెప్పాను. నా గొంతు విని వాడు సరేనన్నాడు. బావగారితో మాత్రం మా తమ్ముడి కొత్త ఇల్లు చూద్దురుగాని రండని చెప్పి కారెక్కించాం.

ఆ గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని నాలుగు పక్కలా చూసి బాగుందన్నారు. నేను సంచిలోంచి పంచె చుట్ట తీశాను. ఆయన చూపు రికార్డు మీదినుంచి మా తమ్ముడి మీదికీ, అక్కణ్ణుంచి తలుపు మీదికీ వెళ్ళింది. లేవబోయారు. నేను వేలెత్తి, కూర్చోండి బావగారూ, మాట్లాడకండి, వినండి అన్నాను. ఇన్నేళ్ళ కోడలరికంలో ఆయన్ని నేను ఆజ్ఞాపించడం అదే మొదలు. ఏసీ ఆపించాను. ఫ్యాను లేదు. వాడి ప్లేయరు పక్కన వేగం పెంచే, తగ్గించే మీట ఒకటి ఉంటుంది, దాన్ని కిందికి లాగబోతే తమ్ముడు, "అక్కా, ఎంత తగ్గించాలో మీటరు చూసి..." అన్నాడు. నీ మీటరు నాకక్కరలేదని, నేలకు ఆ మొదటి స్వరం ఎప్పటిలా తగిలేదాకా లాగి వదిలాను.

కాసేపటికి గది వేడెక్కింది. బావగారి నుదుటి మీద చెమట పట్టింది, ఆయన తుడుచుకోలేదు. వయొలిన్లు ఎక్కి, ఆగి, కొమ్ము పలికింది. ఊరుకుంది. ఆ ఖాళీలో ఆయన నెమ్మదిగా తలెత్తి పైన వెలుగుతున్న దీపం వంక చూశారు. అది మసకబారలేదు, తెల్లగా నిలకడగా వెలుగుతోంది. ఆ దీపం వంక చూస్తూనే ఉన్నారు, కొమ్ము మళ్ళీ పలికింది. మా తోటికోడలు కళ్ళొత్తుకుంది. ఈసారి ఉల్లిపాయలు లేవు.

మొదటి వైపు అయిపోయింది. తరవాత ఆయన డ్యూటీలో సప్లై సంగతి అడిగే గొంతుతో మా తమ్ముణ్ణి అడిగారు.

"బాబూ, ఇక్కడ మిల్లులు లేవు గదా?"

"లేవు పెద్ద బావగారూ."

"కరెంటు ఫుల్లుగా ఉన్నాది. మరి ఈ స్పీడు ఎలాగొచ్చింది?"

"మేమే తగ్గించాం."

"ఎందుకు?"

మా తమ్ముడు నా వంక చూశాడు. నేను సాయం చెయ్యలేదు. వాడు తల వంచుకుని, "ఇలాగే బాగుంటుందని" అన్నాడు. బావగారు లేచి, పాత పంచె ముక్కతో లోపలినుంచి అంచుదాకా తుడిచి, తన చేత్తోనే రికార్డుని రెండో వైపు తిప్పారు.

ఇప్పుడు భన్‌పురిలో కూడా దీపాలు మసకబారడం లేదు. ఫ్రిజ్జులకు స్టెబిలైజర్లు అక్కరలేదు, మిల్లులు ఎప్పుడు నడుస్తున్నాయో ఇళ్ళల్లోవాళ్ళకు తెలియదు. అన్నీ రాసి ఉన్న వేగంతోనే తిరుగుతున్నాయి, ఏ తప్పూ లేదు. మా బావగారూ ఆయనవంటివాళ్ళూ జీవితమంతా పాటుపడింది అందుకే, కనుక నేను ఫిర్యాదు చేయలేను. కాని ఫ్యాను ఆపుకుని కూర్చునే ఇల్లు మా బావగారిది తప్ప ఈ ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు, అది తలచుకుంటే నాకు కోపం వస్తుంది, కోపం అయ్యాక దిగులు వస్తుంది. నా వయసువాళ్ళు ఎవరైనా ఆ రికార్డు వినాలనుకుంటే మా బావగారి ఇంటికి రండి, పేరు అప్పుడు చెబుతాను. శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి, తమ్ముడు తన ప్లేయరు తెచ్చి బావగారి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. మీట ఎక్కడుందో అక్కడే ఉంచమని మాత్రం చెప్పారాయన.